లారీ గేరు గర్రుమంటుంటే: గేరు బాక్సు దించాలా, వద్దా, దించితే ఏం చూడాలి

దొనబండ క్వారీ నుంచి కంకర తోలే పది టైర్ల టిప్పరు ఒకటి ఆ మధ్య మా షెడ్డుకి వచ్చింది. ఓనరే డ్రైవరు. బండి దిగుతూనే, "అన్నా, రివర్సు వేస్తే గర్రుమంటోంది. ఫస్టు కూడా బలంగా తొయ్యాల్సి వస్తోంది. మూణ్ణెల్ల కిందటే బాక్సు దించి సింక్రో రింగులన్నీ మార్పించా" అన్నాడు. గేర్ల వేగం కలిపే ఆ రింగులు అప్పు తెచ్చి మార్పించినవి. బండి కిందికి దూరి, అతన్ని క్లచ్ తొక్కమని, పెడలు తొక్కుడుకి గాలి బలం జోడించే క్లచ్ బూస్టరు పుష్‌రాడ్డు ఎంత కదులుతోందో స్కేలు పెట్టి చూశాను. కదలాల్సినదాంట్లో సగమే కదులుతోంది. క్లచ్ ఆయిలు లైన్లో గాలి చేరింది. పెడలు తొక్కితే ఆయిల్ని తోసే మాస్టరు సిలిండరు సీళ్ల కిట్టు మార్చి, గాలి తీసేసరికి గంటన్నర పట్టింది. తర్వాత రివర్సు చప్పుడు లేకుండా పడింది.

ఆ ఒక్క కొలత మూణ్ణెల్ల కిందట ఎవరైనా తీసుంటే అతనికి బాక్సు ఖర్చే తప్పేది. గేరు గర్రుమనగానే బాక్సు దించేయడం మన షెడ్లలో అలవాటైపోయింది. బాక్సు దించాల్సిన రోజులు తప్పకుండా ఉంటాయి, ఆ పని కూడా ఇక్కడ వివరంగా రాస్తాను. కానీ చప్పుడు ఏ గేర్లో వస్తోంది, బండి నిలబడి ఉన్నప్పుడా నడుస్తున్నప్పుడా, పై గేరు వేసేటప్పుడా కింది గేరు వేసేటప్పుడా అన్నది ముందు వినాలి. పానా పట్టుకోవడం ఆ తర్వాత.

లోపల ఏం రాసుకుంటోంది

చక్రాలవైపు తిప్పుడు పంపే మెయిన్ షాఫ్టు మీదున్న గేర్లు, దాని పక్కనుండే కౌంటరు షాఫ్టు గేర్లతో ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి. మనం లివరు కదిపినప్పుడు ఆ పెద్ద గేర్లు పక్కకి జరగవు. జరిగేది షాఫ్టు చుట్టూ గొట్టంలా ఉండే స్లీవు. స్లీవు లోపలి పళ్లు గేరు పక్కనున్న చిన్న పళ్ల మీదికి ఎక్కితే గేరు పడినట్టు. ఆ చిన్న పళ్లనే డాగ్ పళ్లు అంటాం. స్లీవూ గేరూ ఒకే వేగానికి రాకముందే ఈ రెండు వరసల పళ్లు తగిలితే మనకి వినిపించేది ఆ గర్రు. అలా తగిలిన ప్రతిసారీ పళ్ల కొసలు కొంత రాలిపోతాయి.

వేగం కలిపేది సింక్రో రింగు. బ్రేకు షూ డ్రమ్మును పట్టినట్టు అది గేరు కోనును పట్టుకుని వేగం సమానం చేస్తుంది. అంతవరకు స్లీవుని ముందుకు పోనివ్వదు. లెక్క చూడండి. ఒక గేరు నిష్పత్తి 2, దాని పై గేరుది 1.5 అనుకుందాం. వెనక్కి పోయే మెయిన్ షాఫ్టు 700 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే కింది గేర్లో, క్లచ్ నుంచి వచ్చే ఇన్‌పుట్ షాఫ్టు 1,400లో తిరుగుతుంది. పై గేరు పడాలంటే అది 1,050కి దిగాలి. ఆ 350 ఆర్‌పీఎం తగ్గించే పని రింగుది. క్లచ్ పూర్తిగా విడిస్తే రింగు ఆపాల్సింది క్లచ్ ప్లేటు, ఇన్‌పుట్ షాఫ్టు, కౌంటరు షాఫ్టు, వాటితో తిరిగే గేర్లు, అంతే. క్లచ్ కొంచెం పట్టుకునే ఉంటే ఇంజన్ని కూడా ఆ రింగే లాగాలి. అది దాని వల్ల కాదు. అందుకే క్లచ్ జబ్బు గేర్ల చప్పుడుగా బయటపడుతుంది. అలాగే నడిపితే బాగున్న రింగులూ అరిగిపోతాయి.

ఇంకొకటి. చాలా హెవీ బాక్సుల్లో రివర్సుకి, అన్నిటికంటే నెమ్మదైన క్రాలరు గేరుకి సింక్రో ఉండదు. ఆ రెండింటి మీదే క్లచ్ పరీక్ష చేయాలి.

బండి నిలబెట్టి, తర్వాత నడిపి చేసే పరీక్షలు

చదునైన చోట బండి ఆపి, చక్రాలకి దుంగలు వేసి, పార్కింగ్ బ్రేకు పెట్టి, గాలి పూర్తిగా ఎక్కనివ్వండి. ఇంజన్ ఆపేసి, క్లచ్ తొక్కి, గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి తియ్యండి. ఒకటి రెండు గేర్లలో పన్ను పన్నుకి ఎదురై ఆగితే కంగారు పడక్కర్లేదు. ఇంజన్ ఆపినా అన్ని గేర్లూ బిగుతుగానే ఉంటే లోపం లివరు, లింకేజీ వైపు ఉంది. హాయిగా పడుతుంటే రెండో పరీక్షకి వెళ్లండి.

ఇంజన్ స్టార్టు చేసి ఐడిల్‌లో ఉంచండి. చాలా బళ్లకి అది 600 ఆర్‌పీఎం దగ్గర్లో ఉంటుంది. ఐడిలే ఎక్కువగా ఉంటే ముందు దాన్ని సరిచేయాలి. న్యూట్రల్లో క్లచ్ నేలదాకా తొక్కి, మనసులో పది లెక్కపెట్టి, రివర్సు వెయ్యండి. క్లచ్ నిజంగా విడిస్తే ఆ పది సెకన్లలో లోపలి షాఫ్టులు నెమ్మదించి ఆగిపోవాలి, రివర్సు చప్పుడు లేకుండా పడాలి. గర్రుమంటే క్లచ్ విడవడం లేదు. లేదంటే ఫ్లైవీలు నడుమ ఉండే పైలట్ బేరింగు పట్టేసి ఫ్లైవీలుతోపాటు ఇన్‌పుట్ షాఫ్టుని తిప్పుతోంది. ఇక్కడ తేడా కనిపిస్తే సింక్రో గురించి అప్పుడే మాట్లాడకండి.

ఈ పరీక్ష పాసైతే డ్రైవరు పక్కన కూర్చుని నాలుగైదు కిలోమీటర్లు తిరగండి. ఒక చీటీ మీద గేరు నంబరు, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, బాక్సు చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అని రాసుకోండి. ఒక్క గేర్లోనే చప్పుడు వస్తే ఆ గేరు రింగు, డాగ్ పళ్లు. మూడు, నాలుగు లాంటి జంట గేర్లు రెండూ గర్రుమంటుంటే ఆ రెంటికీ ఉమ్మడిగా ఉండే స్లీవు, అది కూర్చునే హబ్బు, దాన్ని జరిపే ఫోర్కు. కింది గేరుకి దిగేటప్పుడే ఎక్కువగా అంటుంటే రింగు పట్టు తగ్గింది. అప్పుడు షాఫ్టు వేగం పెంచాలి, ఆయిలు కూడా ఆ పనికి ఎదురు లాగుతుంది. అన్ని గేర్లూ అంటుంటే మళ్లీ క్లచ్ వైపే రండి, లేదా ఆయిలు చూడండి.

గర్రుకీ హోరుకీ తేడా కూడా చెవికి తెలియాలి. న్యూట్రల్లో, కాలు క్లచ్ మీద లేనప్పుడు హోరు వచ్చి, తొక్కగానే ఆగితే ఇన్‌పుట్ షాఫ్టు బేరింగో కౌంటరు షాఫ్టు బేరింగో పోయింది. తొక్కినప్పుడే చప్పుడు మొదలైతే క్లచ్‌ని విడిపించే రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు అనుమానించాలి.

క్లచ్: ముందు ఇక్కడే వెతకాలి

క్యాబిన్లోంచి మొదలుపెట్టండి. పెడలు కింద మందపాటి మ్యాటు వేసి, దాని మీద ఇంకో గోనెపట్టా పరిచిన బళ్లు ఎన్నో చూశాను. పెడలు పూర్తిగా దిగకపోతే క్లచ్ ఎలా విడుస్తుంది? మ్యాటు తీసి మళ్లీ రివర్సు పరీక్ష చెయ్యండి. తర్వాత పెడలు ఫ్రీప్లే, అంటే క్లచ్ కదలకముందు పెడలు ఉత్తినే దిగే ఆట చూడండి. ఆట మరీ ఎక్కువైతే తొక్కుడంతా దానికే పోతుంది.

రిజర్వాయరులో క్లచ్ ఆయిలు మట్టం, రంగు చూడండి. నల్లగా ఉంటే సీళ్లు అరుగుతున్నట్టు. మాస్టరు సిలిండరు రబ్బరు బూటు మడిచి లోపల తడి ఉందేమో వేలు పెట్టి చూడండి. బూస్టరు గాలి వదిలే రంధ్రం దగ్గర ఆయిలు చుక్కలుంటే బూస్టరు లోపలి హైడ్రాలిక్ సీలు పోయింది. క్లచ్ తొక్కినప్పుడు ఆగకుండా బుస్సుమంటుంటే గాలివైపు సీలు.

అసలు కొలత పుష్‌రాడ్డుది. గాలి ట్యాంకులు నిండి కటాఫ్ అయ్యేదాకా ఎక్కించి, ఒకరు పెడలు పూర్తిగా తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు రాడ్డు మీద చాక్‌పీసుతో గీత పెట్టి, అది ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో స్కేలుతో చూడాలి. ఈ పని ఇంజన్ ఆపి, న్యూట్రల్లో ఉంచి, చక్రాలకి దుంగలున్నప్పుడే. మీ మోడలు మాన్యువల్లో ఉన్న అంకెతో పోల్చండి. తక్కువైతే ఆయిలు లైన్లోంచి గాలి తియ్యాలి. బూస్టరు బ్లీడరుకి పారదర్శకమైన పైపు తొడిగి, రెండో కొస ఆయిలు పోసిన సీసాలో ముంచండి. పెడలు మెల్లగా నాలుగైదుసార్లు తొక్కి పట్టుకున్నాక బ్లీడరు వదులు చేసి, బిగించి, ఆ తర్వాతే పెడలు వదలాలి. బుడగలు ఆగేదాకా ఇదే పని. మధ్యలో రిజర్వాయరు ఖాళీ అయిందంటే మొదటికి వచ్చినట్టే. రిజర్వాయరు డబ్బా మీద రాసిన గ్రేడు ఆయిలే పొయ్యండి. ఇంజన్ ఆయిలు పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి, కొత్త కిట్టు కూడా పోతుంది.

రాడ్డు సరిపడా కదులుతోంది, అయినా రివర్సు గర్రుమంటోంది అంటే తప్పు హౌసింగు లోపల ఉంది. ప్లేటు వంగి ఉండొచ్చు, ప్రెషర్ ప్లేటు ఫింగర్లు ఎత్తుపల్లాలుగా ఉండొచ్చు, రిలీజ్ ఫోర్కు అరిగి ఉండొచ్చు, ప్లేటు ఇన్‌పుట్ షాఫ్టు పళ్ల మీద తుప్పుతో పట్టేసి ఉండొచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పటిలా, నీళ్లలో రోజుల తరబడి నిలబడిన బండికి ప్లేటు ఫ్లైవీలుకే అతుక్కుపోతుంది. అలాంటి బండిని స్టార్టు చేసి గేరు బలవంతంగా తొయ్యకండి. బాక్సు ఆయిలు కూడా చూడండి, బాక్సు ఊపిరి రంధ్రమైన బ్రీదరు గుండా నీళ్లు పోతే ఆయిలు మజ్జిగలా తెల్లబడుతుంది.

ఆయిలు చెప్పే సంగతి

బాక్సు గోరువెచ్చగా ఉన్నప్పుడు, శుభ్రమైన ట్రేలోకి ఆయిలు దించండి. డ్రెయిన్ ప్లగ్గుకున్న మాగ్నెట్టు మీద కాటుకలాంటి మెత్తటి బూడిదరంగు ముద్ద ఉంటే అది మామూలు అరుగుదల. వేలితో రుద్దితే గరుకుగా పలుకులు తగిలితే పన్ను రాలుతోంది. ట్రేని ఎండలోకి తెచ్చి అటూ ఇటూ వంచండి. బంగారు రజనులా తళుకులు కనిపిస్తే ఇత్తడి రింగు అరుగుతోంది. తళుకులు లేనంత మాత్రాన రింగులు బాగున్నాయనుకోకండి. కొన్ని బాక్సుల్లో రింగు పట్టు ఇత్తడిది కాదు, మాలిబ్డినమో కార్బనో పూత.

మన దగ్గర తరచూ జరిగే పొరపాటు వెనక ఇరుసులోని క్రౌన్‌కి పోసే ఆయిలు గేరు బాక్సులో పోయడం. క్రౌన్‌కి వాడే జీఎల్-5 ఆయిల్లో ఒత్తిడిని తట్టుకునే గంధకం మందులు చాలా ఎక్కువ. క్రౌన్ పళ్లకి అది మేలు. సింక్రో రింగుకి రాపిడి కావాలి, ఆ ఆయిల్లో అది జారుతుంది, ఇత్తడిని కూడా కొన్ని మందులు తింటాయి. సింక్రో బాక్సులకి ఎక్కువగా జీఎల్-4 రకం 80డబ్ల్యూ-90 చెప్తారు. మీ బాక్సుకున్న నేమ్‌ప్లేటు మీద, మాన్యువల్లో ఏముందో అదే పొయ్యండి. మట్టం పక్క ప్లగ్గు కింది అంచు దాకా. ఆయిలు మార్చి వంద కిలోమీటర్లు తిప్పాక చప్పుడు తగ్గిన బళ్లున్నాయి.

లివరు నుంచి ఫోర్కు దాకా

బాక్సు దగ్గర లింకేజీ పిన్ను తీసేసి, బాక్సు షాఫ్టుని చేత్తోనో పానాతోనో తిప్పి గేర్లు వెయ్యండి. అక్కడ సాఫీగా పడి, క్యాబిన్లోంచి పడకపోతే బాక్సు నిర్దోషి. బాల్ జాయింటు, నైలాన్ బుష్షు, కేబులు కొస, రాడ్డు క్రాసులు ఒక్కొక్కటి ఊపి చూడండి. ఇంజన్, బాక్సు మౌంటింగ్ రబ్బర్లు కుంగినా లివరు కోణం మారిపోయి స్లీవు పూర్తిగా ఎక్కదు. సగం ఎక్కిన స్లీవు లోడు పడగానే జారుతుంది, మళ్లీ వేస్తే గర్రుమంటుంది. ఈ భాగాలు చవక, పని తేలిక, కాబట్టి బాక్సు విప్పే ముందే ముగించేయాలి.

తొమ్మిది గేర్ల బాక్సయితే రేంజి

తొమ్మిది గేర్ల బాక్సులో ముందు ముఖ్య బాక్సు, వెనక అవే గేర్లని నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి వాడుకోనిచ్చే లో-హై రేంజి ఉంటాయి. లో నుంచి హైకి మార్చేది గాలి సిలిండరు. నాలుగు నుంచి ఐదుకి పోయేటప్పుడో, ఐదు నుంచి నాలుగుకి దిగేటప్పుడో మాత్రమే చప్పుడు వస్తుంటే ముందు ఈ గాలిని చూడండి. ఇంజన్ ఆపి, గాలి నిండుగా ఉండగా, న్యూట్రల్లో రేంజి మార్చండి. బాక్సు వెనకనుంచి వెంటనే టప్‌మని గట్టి చప్పుడు రావాలి. ఆలస్యంగా, నీరసంగా వస్తే వాల్వు, పైపు, సిలిండరు ఓ-రింగు చూడాలి. రేంజి మారడం పూర్తికాకముందే డ్రైవరు గేరు తోసేస్తాడు, నింద బాక్సు మీద పడుతుంది. గాలి ట్యాంకు డ్రెయిన్ తిప్పి చూడండి. నీళ్లూ నూనే కలిసి కారితే ఎయిర్ డ్రయ్యరు పని చేయడం లేదు. ఆ తేమే వాల్వుల్ని పట్టేస్తుంది. డ్రయ్యరు మార్చకుండా వాల్వు ఒక్కటే మారిస్తే అదీ త్వరలోనే పట్టేస్తుంది.

ఇక దించక తప్పదంటే

క్లచ్, ఆయిలు, లింకేజీ, గాలి అన్నీ బాగున్నాయి. అయినా ఒక గేరో జంట గేర్లో గర్రుమంటున్నాయి, లేదా మాగ్నెట్టు మీద పలుకులు వచ్చాయి. అప్పుడు దించాలి.

బాక్సు బరువు 200 కిలోల పైమాటే. చక్రాలకి రెండు వైపులా దుంగలు, ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు ఉండాలి. జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరొద్దు. బ్యాటరీ వైరు తియ్యండి, గాలి ట్యాంకులు ఖాళీ చెయ్యండి. చైన్ బ్లాకుకి వేలాడే బాక్సు కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టకండి. ఈ పని గేరు బాక్సు జాకీ మీద ఇద్దరు ముగ్గురు కలిసి చేసేది.

ఆయిలు దించాక ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లాంజి రెండు ముక్కల మీదా ఉలితో గుర్తు పెట్టి విప్పండి. తిరిగి అదే గుర్తుకి కట్టకపోతే బండి వణుకుతుంది. గాలి పైపులకి రంగుల టేపు చుట్టి, ఫోన్లో ఫోటోలు తీసుకోండి. సెన్సరు వైర్లు, రివర్సు స్విచ్చి, లింకేజీ తీసి, బూస్టరుని పైపు తెగకుండా పక్కకి కట్టండి. జాకీని బాక్సు కింద సరిగ్గా ఆనించి, ఆ తర్వాతే హౌసింగు బోల్టులు వదిలించాలి. రెండు బోల్టుల చోట పొడవాటి స్టడ్లు బిగిస్తే బాక్సు వాటి మీద సూటిగా వెనక్కి జారుతుంది.

ఈ జారడం, తిరిగి ఎక్కించడం మీద ప్రాణం పెట్టండి. బాక్సు బరువు ఒక్క నిమిషం ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడినా ఆ షాఫ్టు దూరి ఉన్న క్లచ్ ప్లేటు నడుమ వంగుతుంది. వంగిన ప్లేటు ఫ్లైవీలుకి ఒక పక్క రాసుకుంటూనే ఉంటుంది, క్లచ్ విడవదు. అంతా బాగుచేసి కట్టాక కూడా రివర్సు గర్రుమంటే ఆ మెకానిక్కు మళ్లీ సింక్రోలనే అనుమానిస్తాడు.

బాక్సు విప్పే ముందు, బండివైపు ఉన్న క్లచ్ చూసేయండి. ప్లేటు దుమ్ముని గాలితో ఊదొద్దు, ఊపిరితిత్తులకి చేటు. తడిగుడ్డతో తుడవండి. ప్లేటుని ఇన్‌పుట్ షాఫ్టు పళ్ల మీద జరిపి చూడండి, పైనుంచి కిందికి దాని బరువుతోనే జారాలి. పైలట్ బేరింగు వేలితో తిప్పితే గరుకు తగలకూడదు. ఫింగర్ల ఎత్తు ఒక్కలా ఉందో లేదో చూడండి. ప్లేటు వంకర డయల్ గేజితో చూడాలి, కంటికి అందదు.

విప్పి చూడటం

బాక్సు బయటంతా కడిగి, ఆరబెట్టి, శుభ్రమైన బల్ల మీద పెట్టండి. బురద లోపలికి పోతే కొత్త బేరింగులు కూడా పాడవుతాయి. పై కవరు, ఫోర్కులు, రేంజి హౌసింగు వరసగా తీసి, ఆట సరిచేసే సన్నటి రేకు, అంటే షిమ్ము, ఒక్కోటీ ఏ బేరింగు కిందిదో చీటీ కట్టి పక్కన పెట్టండి. డిటెంట్ బంతులు, స్ప్రింగులు, ఇంటర్‌లాక్ పిన్నులు లెక్కపెట్టి గిన్నెలో వెయ్యండి. ఇంటర్‌లాక్ పిన్ను ఒక్కటి తప్పిపోయినా రెండు గేర్లు ఒకేసారి పడి బాక్సు పగులుతుంది.

షాఫ్టులు బయటికి వచ్చాక, గేర్లు విడదీయకముందే రింగు గ్యాపు కొలవాలి. రింగుని కోను మీదికి చేత్తో గట్టిగా నొక్కి, రింగు అంచుకీ డాగ్ పళ్లకీ మధ్య ఫీలర్ గేజి పెట్టండి. ఒక్క చోట కాదు, చుట్టూ మూడు చోట్ల చూడాలి, రింగు ఒక పక్కకే అరిగి ఉండొచ్చు. రింగు అరిగేకొద్దీ కోను మీద లోతుగా దిగుతుంది, గ్యాపు తగ్గుతుంది. చాలా హెవీ బాక్సుల్లో 0.8 మి.మీ. దగ్గర రింగు మార్చాల్సిందే. మీ బాక్సు అంకె మాన్యువల్లో చూసుకోండి. ఏ రింగు ఏ గేరు కోనుదో పెయింటుతో గుర్తు పెట్టండి. అవి ఒకదానికొకటి అరిగి కుదురుకున్న జోడీలు.

గేజి లేని చోట చేతి పరీక్ష ఉంది. కోనుకి కాస్త గేరు ఆయిలు రాసి, రింగుని నొక్కి తిప్పండి. పట్టుకుని బిగుసుకోవాలి. జారిపోతే దాని పని అయిపోయింది. ఇత్తడి రింగు లోపలి సన్నటి గాళ్ల మీద గోరు అడ్డంగా గీస్తే గోరు తట్టుకుంటూ పోవాలి. అద్దంలా జారితే ఆ గాళ్లు ఆయిల్ని చిమ్మలేవు, రింగు కోనుని పట్టలేదు. కోను నీలంగా మారి ఉంటే ఎప్పుడో బాగా కాలింది.

తర్వాత డాగ్ పళ్లు. బాగున్న పన్ను కొస పెంకుటింటి కప్పులా రెండు వాలుగా, మధ్యన పదునైన గీతతో ఉంటుంది. గర్రుమన్న గేర్లో ఆ కొస బొటనవేలి గోరంత గుండ్రంగా అయిపోతుంది. స్లీవుని తిప్పి దాని లోపలి పళ్లూ అలాగే చూడండి. కొసలు గుండ్రపడ్డ గేరు మీద కొత్త రింగు వేస్తే నాలుగు నెలల్లో అదే చప్పుడు తిరిగి వస్తుంది. గేరు, స్లీవు, రింగు కలిపి మార్చడమే నిజమైన రిపేరు. గుండ్రపడ్డ పళ్లని గ్రైండరుతో మళ్లీ పదును పెట్టే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. అది చేయకండి, చేయించుకోకండి. ఆ పళ్లకి పైపొరే గట్టిది. గ్రైండరు ఆ పొరని తీసేస్తే కింద మెత్తటి ఇనుము మిగులుతుంది. అది రాలి, బేరింగుల్లో పడుతుంది.

ఫోర్కు స్లీవు గాడిలో ఎంత ఆటతో ఉందో కొలవండి. దాని కొసలు ఒక పక్కే అరిగి, నీలంగా కాలి ఉంటే డ్రైవరు ఎప్పుడూ లివరు మీద చెయ్యి వేసుకుని నడుపుతున్నట్టు. ఆ చేతి బరువే ఫోర్కుని తిరిగే స్లీవుకి నొక్కుతుంది. సింక్రో కీలు, స్ప్రింగులు, గేరు కింది నీడిల్ బేరింగు, అది కూర్చునే షాఫ్టు ముఖం చూడండి. నీడిల్ బేరింగు అరిగితే గేరు వంకరగా తిరుగుతుంది, కొత్త రింగు కూడా కోనుని సగమే పట్టుకుంటుంది.

పాత సామాన్ల షాపులో గేరు తెచ్చే పరిస్థితి వస్తే పళ్లు లెక్కపెట్టి, పార్టు నంబరు కలిపి చూసుకోండి. రింగుల్లో మాత్రం పొదుపు వద్దు.

తిరిగి కట్టడం

బేరింగులు ఆయిల్లోనో ఇండక్షన్ హీటరు మీదో 100 డిగ్రీల దగ్గర్లో వేడిచేసి తొడగండి. గ్యాస్ మంట పెడితే ఒకచోట ఎర్రబడి మెత్తబడుతుంది. సుత్తి తగిలితే గంటు పడుతుంది, ఆ గంటే రేపటి హోరు. టేపరు బేరింగుల ఆటని డయల్ గేజితో చూసి, షిమ్ములతో మాన్యువల్లో చెప్పిన అంకెకి తేవాలి. బేరింగు కొత్తదైతే పాత షిమ్ము సరిపోతుందని నమ్మకుండా మళ్లీ కొలవండి.

రింగులకి, గేర్లకి గేరు ఆయిలు రాసి కూర్చండి. పొడిగా కట్టిన రింగు మొదటి షిఫ్టులోనే కాలుతుంది. ఫోర్కు బోల్టుల లాకు వైరు మర్చిపోవద్దు. గ్యాస్కెట్ పేస్టు సన్నటి గీతలా చాలు, ఎక్కువైంది లోపలికి పిండుకుని ఆయిలు దారిలో అడ్డుపడుతుంది. బాక్సు బల్ల మీద ఉండగానే ఇన్‌పుట్ షాఫ్టు చేత్తో తిప్పుతూ గేర్లన్నీ వేసి చూడండి. ఇక్కడ బిగిసిన గేరు బండికి కట్టాక వదులవదు.

క్లచ్ ప్లేటుని డమ్మీ షాఫ్టుతో నడిమికి తెచ్చి ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. షాఫ్టు పళ్లకి గ్రీజు పలచగా రాసి, మిగిలింది తుడిచేయండి, లేకపోతే చిమ్మి ప్లేటు మీద పడుతుంది. బాక్సుని స్టడ్ల మీద సూటిగా ఎక్కించండి. హౌసింగు అంచు ఇంజన్‌కి ఆనేదాకా చేత్తోనే రావాలి. బోల్టులతో లాగి దగ్గరికి తెస్తున్నారంటే ఏదో అడ్డుపడుతోంది, ఆగి చూడండి.

పక్క ప్లగ్గు నుంచి కారేదాకా ఆయిలు పోసి, పది నిమిషాలు న్యూట్రల్లో తిప్పి, ఆపి, మట్టం మళ్లీ చూడండి. బూస్టరు రాడ్డు కదలిక మళ్లీ కొలవండి. పది సెకన్ల రివర్సు పరీక్ష మళ్లీ చెయ్యండి. ఖాళీ బండితో అన్ని గేర్లూ, రేంజి రెండు వైపులా తిరిగాక లోడు ఎక్కించండి. వెయ్యి కిలోమీటర్ల దగ్గర మాగ్నెట్టు ప్లగ్గు తీసి చూడటం నా అలవాటు. ఆ ముద్ద మెత్తగా ఉంటే బండి ఓనరుకి అప్పుడు చెప్తాను, పని పూర్తయిందని.

స్పేరు వచ్చేదాకా నడపాల్సి వస్తే

రింగు అరిగిందని తెలిసింది, సరుకు రావడానికి రెండు రోజులు. అప్పటిదాకా డబుల్ క్లచ్ వెయ్యండి. పై గేరుకి పోయేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి, ఇంజన్ వేగం తగ్గాక మళ్లీ తొక్కి గేరు వెయ్యాలి. కింది గేరుకి దిగేటప్పుడు న్యూట్రల్లో క్లచ్ వదిలి, కొంచెం ఎక్సలేటరు ఇచ్చి, మళ్లీ తొక్కి వెయ్యాలి. రింగు చేయాల్సిన పని ఇంజన్ చేస్తుంది. లివరు మీద చెయ్యి వేసి ఉంచొద్దు. హై నుంచి లోకి బండి వేగం బాగా తగ్గాకే మార్చండి. ఎక్కువ స్పీడులో మారిస్తే రేంజి సింక్రో ఒక్క దెబ్బకి కాలిపోతుంది.

గేరు దానంతట అదే జారిపోతున్నా, మాగ్నెట్టు మీద పన్ను ముక్క దొరికినా మాత్రం ఆ బండి కదపకండి. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్‌లో లోడుతో దిగుతుండగా గేరు జారితే ఇంజన్ బ్రేకు ఉండదు, భారమంతా బ్రేకు డ్రమ్ముల మీదే పడుతుంది. అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. సరుకు వేరే బండిలోకి మార్చి, ఈ బండిని అక్కడే ఆపి, బాక్సు చేయించాకే కదిలించండి.